షెడ్డులో పడున్న పాత ట్రాక్టర్: స్పార్కు ఎక్కడ ఆగిపోయింది? మీ ప్రశ్నలు, మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రీ గారూ, మా నాన్నగారు నడిపిన ఫోర్డ్ 8ఎన్ పెట్రోల్ ట్రాక్టర్, 1951 మోడల్, చాలా ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. ఇంజన్ ఫ్రీగానే తిరుగుతోంది. బ్యాటరీ కొత్తది పెట్టాను, ప్లగ్గులు మార్చాను, కాయిల్ కూడా మార్చాను, అయినా సెల్ఫ్ కొడితే గిర్రున తిరగడమే తప్ప ఒక్క ప్లగ్గు కూడా అందుకోవట్లేదు. ఇప్పుడేమో డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చెయ్యమంటున్నారు. మార్చమంటారా?

జవాబు: వద్దండీ, ఆగండి, ఇంకో సామాను కొనే ముందు ఒక చిన్న బల్బు తీసుకోండి. పాత కాయిల్ పోయిందని ఎవరైనా చెక్ చేసి చెప్పారా? చెప్పుండరు, మార్చి చూద్దాంలే అని మార్చుంటారు, పాత బండి దగ్గర అందరూ చేసేది ఇదే, కొత్త సామాను ఒక్కొక్కటే బండెక్కుతూ ఉంటుంది, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ముందు కరెంటు ఎటు పోతుందో చూడండి. బ్యాటరీ నుంచి కీ మీదుగా కాయిల్‌కి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే స్పార్కుని ఒక్కో ప్లగ్గుకి పంచే డబ్బాలో ఉన్న పాయింట్లకి (తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్ అన్నమాట), పాయింట్ల నుంచి బాడీకి, అంతే దారి. పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్లో అయస్కాంతం తయారవుతుంది, తెరుచుకోగానే కరెంటు తెగిపోయి ఆ అయస్కాంతం ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు కాయిల్ లోపలున్న సన్నతీగ చుట్టలో వేల వోల్టులు పుట్టి డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ మీదుగా ప్లగ్గుకి పోతాయి. 1910 మోడల్ క్యాడిలాక్ కార్ల కోసం చార్లెస్ కెటరింగ్ చేసిన పద్ధతి ఇది, మీ ట్రాక్టర్‌లో ఉన్నదీ అదే. అంటే పాయింట్లు సరిగ్గా మూసుకోవాలి, సరిగ్గా తెరుచుకోవాలి, ఈ రెండిట్లో ఏది జరక్కపోయినా ఎంత మంచి కాయిల్ పెట్టినా ఉపయోగం లేదు.

ఇప్పుడు మీ బండి 6 వోల్టులది కాబట్టి 6 వోల్టుల బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపుకి వెళ్లే టెర్మినల్‌కి, రెండోది పెయింటు లేని చోట బాడీకి తగిలించండి. గేరు న్యూట్రల్లో పెట్టి, ప్లగ్గులు తీసేసి, కీ ఆన్ చేసి, ఫ్యాన్ బెల్టు పట్టుకుని ఇంజన్ మెల్లగా తిప్పండి. పాయింట్లు తెరుచుకున్నప్పుడు బల్బు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరిపోవాలి. అలా వెలిగి ఆరుతూ ఉంటే కాయిల్ నుంచి పాయింట్ల దాకా దారి బాగానే ఉన్నట్టు, ఇక క్యాపు (డిస్ట్రిబ్యూటర్ మూత), రోటర్, కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపులు తగ్గించే చిన్న డబ్బీ) వైపు చూడొచ్చు. ఆరకుండా వెలుగుతూనే ఉందంటే పాయింట్లు మూసుకున్నా కరెంటు బాడీకి పోవట్లేదు, ఏళ్లతరబడి కదలకుండా ఉన్న బండ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే.

బల్బు అసలు వెలగలేదనుకోండి, క్లిప్పు కాయిల్‌కి అవతల కీ వైపున్న టెర్మినల్‌కి మార్చండి, అక్కడా లేకపోతే తప్పు కీ స్విచ్‌లోనో వైర్లలోనో ఉంది. అక్కడ వెలిగితే మళ్లీ డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కే వచ్చి, డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వైరు ఊడదీసి చూడండి. ఊడదీయగానే బల్బు వెలిగిందంటే డిస్ట్రిబ్యూటర్ లోపల ఏదో బాడీకి తగులుతోంది, కండెన్సర్ షార్ట్ అయుండొచ్చు లేదా పాయింట్ల వైరు కింద ఉండే ఆ చిన్న ఫైబర్ వాషర్ విరిగిపోయుండొచ్చు, చూడ్డానికి ఏమీ కానట్టు ఉంటుంది కానీ బండిని ఆపెయ్యడానికి అదొక్కటి చాలు. అప్పటికీ వెలగకపోతేనే కాయిల్ పోయిందనుకోండి.

పాయింట్ల దగ్గరికి వద్దాం. క్యాపు తీసి చూస్తే పాయింట్లు తళతళలాడుతూనే కనిపిస్తాయి, నమ్మొద్దు, కంటికి కనపడనంత పల్చటి పొర కట్టినా 6 వోల్టులకి అది గోడే. పాయింట్ ఫైల్‌తో పైపైన రెండు మూడుసార్లు రాయండి, తర్వాత శుభ్రమైన తెల్ల అట్టముక్క మధ్యలో పెట్టి లాగండి, మరక రాకుండా బయటికి వచ్చేదాకా లాగండి. ఎమరీ పేపర్ మాత్రం వాడొద్దు, దాని రజను పాయింట్లలో దిగిపోయి ఇంకో గొడవ తెచ్చిపెడుతుంది. ఆ తర్వాత గ్యాప్, పాయింట్లు బాగా విడిపోయేలా క్యామ్ (తిరుగుతూ పాయింట్లని తెరిచే ఇరుసు) మూల వాటి ఫైబర్ ముక్క కిందకి వచ్చేదాకా తిప్పి ఫీలర్ గేజితో (సన్నని సందులు కొలిచే రేకులు) కొలవండి. మీ బండికి డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ పక్కన ఉంటే 0.025 అంగుళం, అదే 8ఎన్‌లో పాతవాటికి ముందువైపు ఉంటుంది, వాటికి 0.015. ఈ రెండూ కలిపేసుకుని తంటాలు పడేవాళ్లు చాలామంది. గ్యాప్ పెట్టాక క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాయండి, ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీదే పడుతుంది.

అప్పుడు క్యాపు మధ్యలోంచి పెద్ద వైరు తీసి, ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని ఇంజన్ బాడీకి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, కీ ఆన్ చేసి మూసుకుని ఉన్న పాయింట్లని స్క్రూడ్రైవర్‌తో విడదీయండి. నీలంగా, చటుక్కుమని దూకాలి. పసుపుగా నీరసంగా ఉండి, పాయింట్ల దగ్గర మాత్రం మెరుపులు ఎక్కువగా కనిపిస్తే కండెన్సర్‌ని అనుమానించండి. దగ్గర్లో పెట్రోల్ డబ్బా లేకుండా చూసుకోండి, తీసేసిన ప్లగ్గుల రంధ్రాల్లోంచి కూడా ఆవిరి వస్తుంది.

స్పార్కు వచ్చీ స్టార్ట్ కాకపోతే ట్యాంకులో పాత పెట్రోల్ వంపేసి, పెట్రోల్లోని మడ్డి దిగే సెడిమెంట్ గిన్నె కడిగి, ప్లగ్గు వైర్ల వరస చూడండి. చాలా నాలుగు సిలిండర్ల బండ్లకి 1-3-4-2, మీ 8ఎన్‌కి మాత్రం 1-2-4-3.

ప్రశ్న: మాది డీజిల్ ట్రాక్టరండీ, పొద్దున్నే స్టార్ట్ కావట్లేదు, పాయింట్లు ఎక్కడుంటాయి?

జవాబు: ఉండవండీ. డీజిల్ ఇంజన్లో గాలి బాగా నొక్కుకుపోయి ఆ వేడికే డీజిల్ మండుతుంది, స్పార్కుతో పనిలేదు. చల్లటి ఇంజన్ని వేడిచేసే గ్లోప్లగ్గులు ఉంటే అవి, లేకపోతే డీజిల్ లైన్లో గాలి చేరిందేమో చూసుకోండి.

ప్రశ్న: మా పాత పెట్రోల్ బండి స్టార్ట్ అవుతుంది కానీ అరగంట దున్నగానే ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ లేస్తుంది. కాయిలేనా?

జవాబు: కాయిల్ కావచ్చు, కండెన్సర్ కావచ్చు, రెండూ వేడెక్కితేనే బయటపడే రకాలు. కానీ వాటికన్నా ముందు ట్యాంకు మూత, దాన్లో గాలి పోయే చిన్న రంధ్రం మూసుకుపోతే పెట్రోల్ దిగడం ఆగిపోయి అచ్చం ఇలాగే చేస్తుంది. బండి ఆగిపోయిన క్షణంలోనే, చల్లారనివ్వకుండా, స్పార్కు చూడండి. స్పార్కు ఉందా, మూత వదులు చేసి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. స్పార్కు లేదా, ముందు కండెన్సర్ మార్చండి, అది చవకది, విప్పడం కూడా తేలిక.

ప్రశ్న: మా 6 వోల్టుల ట్రాక్టర్ని 12కి మార్చేస్తే స్పార్కు గట్టిగా వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: 6 వోల్టులతోనే ఈ బండ్లు ఏళ్లపాటు దున్నాయి కదండీ. చాలాసార్లు అసలు తప్పు కేబుళ్లది, 12 వోల్టుల బండికి వాడే సన్నపాటి కేబుల్ తెచ్చి వేస్తారు, 6 వోల్టుల్లో అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి కాబట్టి సెల్ఫ్ కొట్టగానే వోల్టేజి పడిపోయి కాయిల్‌కి ఏమీ మిగలదు. బటన్ వదిలేసే క్షణంలో ఇంజన్ అందుకుంటోందంటే జబ్బు ఇదే. లావు కేబుల్ వేసి ఎర్తింగ్ గీకి బిగించండి, అవసరమే తీరిపోవచ్చు.

అయినా మారుస్తానంటే 12 వోల్టుల కాయిల్ పెట్టండి, లేదా పాత కాయిల్‌కి ముందు రెసిస్టర్ కట్టండి, లేకపోతే పాయింట్లు కాలిపోతాయి. బల్బులూ ఛార్జింగూ కూడా మార్చాలి. పాత బండ్లలో చాలావాటికి ప్లస్ బాడీకి ఉంటుంది, దాన్ని మైనస్‌కి మారిస్తే కాయిల్ వైర్లూ అటూ ఇటూ మార్చాలి: మైనస్ బాడీకి ఉన్న బండిలో కాయిల్ మైనస్ టెర్మినల్ డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్తుంది. తిప్పి కట్టినా బండి నడుస్తుంది గానీ స్పార్కు నీరసపడుతుంది.