మెయిన్ ప్యానెల్ మీద అతికించే ఆ లేబుల్ గురించి

చిన్నా,

డాలస్‌లో ఆ షాపింగ్ సెంటర్ పనికి ఇన్‌స్పెక్టర్ ఫాల్ట్ కరెంట్ (షార్ట్ అయినప్పుడు పారగల కరెంట్) లేబుల్ అడిగాడని, పాత డ్రాయింగ్‌లో ఉన్న నంబరే ప్రింట్ తీసి అతికించేస్తే సరిపోతుందా అని మెసేజ్ పెట్టావు. వద్దురా, ఆ పని చేయకు.

అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో 110.24 సెక్షన్ 2011లో వచ్చింది. ఇళ్లకి వర్తించదు, కానీ షాపులకి, ఆఫీసులకి, మనవాళ్లు కట్టుకునే గుళ్లకి కూడా సర్వీస్ ఎక్విప్‌మెంట్ (బయటి కరెంటు లోపలికొచ్చే మెయిన్ బోర్డు) మీద గరిష్ఠ ఫాల్ట్ కరెంట్ ఎంతో, ఆ లెక్క ఏ రోజు కట్టారో రాయాలి. చాలామంది నంబర్ వేసి తేదీ వదిలేస్తారు. నాకు మాత్రం తేదీయే ముఖ్యం. ఎందుకో చెప్తాను.

ఒకసారి ఒక స్ట్రిప్ మాల్‌కి పనిమీద వెళ్లాను. మెయిన్ బోర్డు మీద 20,800 ఆంప్స్ అని లేబుల్, బ్రేకర్ల రేటింగ్, అంటే అవి ఆపగలిగే గరిష్ఠ షార్ట్ కరెంట్, 22,000. అంతా బాగానే ఉందనిపించింది. మార్కర్‌తో రాసిన తేదీ ఎండకి వెలిసిపోయింది, వేలితో తుడిచి చూసినా సంవత్సరం కనపడలేదు. అనుమానం వచ్చి బయటికెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ చూస్తే సామర్థ్యం 750 కేవీఏ, ఇంపెడెన్స్ (షార్ట్ కరెంట్‌ని అడ్డుకునే గుణం) 5.75 శాతం. పాతది 300 కేవీఏ, 4 శాతం, లేబుల్ మీది 20,800 దాని లెక్కే. మధ్యలో ఒక రెస్టారెంట్ వచ్చి లోడ్ పెరిగితే కరెంటు కంపెనీ మార్చింది, లోపల బోర్డు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 750 వేలని మూడు ఫేజ్‌ల లెక్కకి వాడే 1.732తో, 208 వోల్టులతో భాగిస్తే దాదాపు 2,082 ఆంప్స్, దాన్ని 0.0575తో భాగిస్తే 36,200. అక్కడ గట్టిగా షార్ట్ అయితే ఆ 22,000 బ్రేకర్ కరెంట్‌ని ఆపలేక పేలిపోవచ్చు, తలుపు తీసి ఎదురుగా నిలబడి ఉండేది మన ఎలక్ట్రీషియనే కదా!

అందుకని ముందు కరెంటు కంపెనీకి మెయిల్ పెట్టి ఫాల్ట్ కరెంట్ ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకో. ఫోన్‌లో చెప్పిన మాట ఫైల్‌లో ఉండదు, కొత్త ఎడిషన్లలో ఆ లెక్క కాగితం మీద ఉండి అడిగినవాళ్లకి చూపించగలగాలి కూడా. కేబుల్ పొడవుకి కొంత తగ్గుతుంది, పెద్ద మోటార్లుంటే కొంత కలుస్తుంది, రెండూ చూసుకో. తర్వాత ఎప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మారినా మళ్లీ లెక్కకట్టి లేబుల్ మార్చాలని ఓనర్‌కి ఇప్పుడే చెప్పేయ్.

ఇంకొకటి, ఈ గరిష్ఠ నంబర్ తీసుకెళ్లి ఆర్క్ ఫ్లాష్ (షార్ట్ అయినప్పుడు బోర్డులోంచి ఎగిసే మంట) లెక్కలో పెట్టేయకు. ఫాల్ట్ కరెంట్ తక్కువైతే బ్రేకర్ ఆలస్యంగా పడి, ఒక్కోసారి మంట తీవ్రత ఇంకా పెరుగుతుంది. ఆ లెక్క వేరేగా చేయాలి.

రేపు సైట్‌కి వెళ్తే నేమ్‌ప్లేట్ ఫొటో, బ్రేకర్ల రేటింగ్ కనపడేలా ఇంకో ఫొటో తీసి పంపు. సాయంత్రం ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

మీ పెదనాన్న