డాబా మీది బోన్సాయ్‌లు, వేసవి ఎండలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా డాబా మీద జువ్వి, చింత, కాగితపు పూల బోన్సాయ్‌లు ఉన్నాయి. ఏప్రిల్ నుంచి రోజుకు మూడుసార్లు బోరు నీళ్లు పోస్తున్నా జువ్వి ఆకుల అంచులు మాడుతున్నాయి, చింత ఆకు రాలుతోంది. నీళ్లు ఇంకా పెంచాలా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: పెంచవద్దు. నేలలో పెరిగే చింతచెట్టు వేళ్లు లోతున చల్లని మట్టిలో ఉంటాయి. బోన్సాయ్ వేళ్లకు దక్కేది రెండు మూడు అంగుళాల మట్టి మాత్రమే. మధ్యాహ్నానికి సిమెంటు డాబా, దానికి ఆనుకున్న కుండీ రెండూ కాగిపోయి, ఆ వేడి అడుగు నుంచీ పక్కల నుంచీ వేళ్లకు తగులుతుంది. అలా దెబ్బతిన్న వేళ్లు మట్టిలో తడి ఉన్నా దానిని పీల్చుకోలేవు కనుక ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి మళ్లీ నీళ్లు పోస్తే, గాలి ఆడని తడిలో మిగిలిన వేళ్లు కూడా కుళ్లుతాయి.

అందువల్ల ముందుగా కుండీలను ఇటుకల మీదనో చెక్క బల్ల మీదనో ఎత్తి పెట్టండి. జువ్వికి, చింతకు ఉదయపు ఎండ నేరుగా తగలనిచ్చి, పదకొండు గంటల నుంచి సాయంత్రం దాకా సగం ఎండను ఆపే షేడ్ నెట్ నీడ కల్పించండి. పైకప్పుగా నెట్ కట్టి పడమటి వైపు వదిలేస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. ఏటవాలుగా పడే ఆ ఎండే కుండీ పక్కలను ఎక్కువగా కాలుస్తుంది. కుండీ చుట్టూ తడి గోనె చుట్టి, మట్టిపై పలుచగా కొబ్బరి పీచు పరిస్తే మరింత మేలు. కాగితపు పూల మొక్కకు మాత్రం ఎండ కావాలి, దాని కుండీని ఎత్తి పెడితే చాలు.

నీళ్లు ఎన్నిసార్లు పోయాలన్నది లెక్క ప్రకారం కాక మట్టిని బట్టి నిర్ణయించుకోవాలి. ఉదయాన్నే అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోసి, ఎండ తగ్గాక అర అంగుళం లోతున వేలితో చూసి, ఆరి ఉంటేనే మళ్లీ పోయండి. ఆకుల మీది నీటి బొట్లు భూతద్దాలై కాలుస్తాయన్న మాటను పట్టించుకోనక్కరలేదు. మధ్యాహ్నం జాగ్రత్త పడవలసింది పైపులో నిలిచి కాగిన నీటి గురించి. మొక్క ఆ వేళ వాడిపోతే నీడకు మార్చి, చల్లని నీరు పోయండి.

ఆకుల అంచులు మాత్రమే మాడటానికి బోరు నీటిలోని ఉప్పు కూడా కారణం కావచ్చు. సముద్రానికి దగ్గరి బోర్లలో ఉప్పదనం ఉండటం అరుదు కాదు. మట్టి మీద, కుండీ అంచున తెల్లని పొర కడుతుంటే అనుమానం బలపడినట్లే. అప్పుడు మునిసిపల్ కుళాయి నీటికి మారి, వారానికొకసారి ఆ నీటిని ధారాళంగా పోసి పేరుకున్న ఉప్పును కడిగేయండి. ఏసీ నుంచి కారే నీరు దాదాపు లవణాలు లేనిది కనుక దానినీ వాడవచ్చు. తాగునీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం బయటకు వదిలేసే, ఉప్పు చేరిన వృథా నీరు మాత్రం పోయవద్దు.

ప్రశ్న: మే నెలలో బోన్సాయ్‌ని పగలు ఏసీ గదిలో ఉంచి, రాత్రి బయట పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు. గదిలో వెలుతురు చాలదు, ఏసీ గాలి పొడిగా ఉంటుంది; పైగా జువ్వి, రావి వంటివి చోటు మారిస్తేనే ఆకు రాలుస్తాయి. గాలి ఆడే బాల్కనీ నీడ చాలు.

ప్రశ్న: వేసవి సెలవుల్లో తీరిక దొరుకుతుంది కాబట్టి అప్పుడే కుండీ మార్చి, వేళ్లు కత్తిరించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మన తీరిక మొక్కకు అనుకూలమైన కాలం కాకపోవచ్చు. ఆకుల నుంచి నీరు అత్యధికంగా ఆవిరయ్యే రోజుల్లో వేళ్లు తగ్గిస్తే ఆ లోటు పూడదు. వసంతంలో మార్చమనే జపాన్ పద్ధతి అక్కడి చలికి తగినది. మన మర్రి, జువ్వి జాతులకు వానలు పడి వాతావరణం చల్లబడేదాకా ఆగడం క్షేమం. వాడి ఉన్న మొక్కకు ఎరువు కూడా వేయవద్దు.

ఆ తీరికను ఆకుల అడుగు భాగం పరిశీలించడానికి వినియోగించండి. వేసవిలో ఎర్రనల్లి అనే, చుక్కంత సన్నని పురుగు త్వరగా పెరుగుతుంది. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తడితే, రాలిన చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. ఆకుల అడుగున నీటిని గట్టిగా చిమ్మి కడగండి. తగ్గకపోతే పలుచని వేపనూనె ద్రావణాన్ని ఎండ పోయాకే పిచికారీ చేయండి. వంపు తిప్పడానికి కొమ్మలకు చుట్టిన లోహపు తీగలను కూడా చూడండి. ఈ కాలంలో చురుగ్గా పెరిగే జువ్వి కొమ్మల్లోకి తీగ త్వరగా దిగబడుతుంది. దానిని విప్పబోతే బెరడు చీలుతుంది కనుక, కటింగ్ ప్లేయర్‌తో ముక్కలుగా కత్తిరించి తీయండి.