చెక్క పట్టబోయేవాడికి

నాన్నా,

ఈసారి ఈస్టర్‌కు ముందొచ్చే పవిత్ర గురువారం నాడు, గుడిలో గంట బదులు కొట్టే చెక్క నీ చేతికిస్తున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ముప్పై ఏళ్లు నేను చేసిన పని కదా, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయా.

ముందు గంట సంగతి చూడు. దేవుణ్ణి స్తుతించే గ్లోరియా పాటకు గంటలన్నీ మోగిస్తారు, ఆ తర్వాత శనివారం రాత్రి దాకా ఒక్కటీ మోగకూడదు. పాట అవగానే బలిపీఠం మెట్టు మీది చేతిగంట తీసి, నాలుకకు గుడ్డ చుట్టి, సాక్రిస్టీలో, అదే పూజ సామాన్లుండే గదిలో, పెట్టెయ్. ఒక ఏడాది నేను దాన్ని అక్కడే వదిలేశా. ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తగానే, పక్కన మోకరించిన పిల్లాడు అలవాటుకొద్దీ గంట కొట్టేశాడు. గుడిలో అందరూ తలలెత్తి చూశారు. వాడు ఏడుపు మొహం పెట్టాడు గానీ, తప్పు నాది.

చెక్కను మట్టల ఆదివారమే బయటికి తియ్యి. పలకకు బిగించిన కొయ్య సుత్తి అటూ ఇటూ తేలిగ్గా పడాలి. ఏడాదంతా బీరువాలో పడుండి చీల దగ్గర పట్టేస్తుంది. నూనె పొయ్యకు, కొవ్వొత్తి ముక్క రుద్దు చాలు.

కొట్టేటప్పుడు మోచెయ్యి కదలకూడదు, మణికట్టు తిప్పితే చాలు. గురువారం రాత్రి దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో ప్రతిష్ఠించిన అప్పాన్ని, ఊరేగింపుగా తీసుకెళ్లేటప్పుడు నాలుగైదు అడుగులకోసారి టక్ మనిపించు. కొందరు కుర్రాళ్లు డప్పు దరువు వేసినట్టు వాయిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. వినడానికి తియ్యగా ఉండాలంటే గంటే ఉందిగా!

స్పెయిన్‌లో ఈ చెక్కను మత్రాకా అంటారు. లక్సెంబర్గ్‌లో అయితే, గంటలు రోమ్‌కు వెళ్లిపోయాయని చెప్పి, పిల్లలు గిరగిరా తిప్పే చెక్కలతో వీధుల్లో తిరిగి జనాన్ని ప్రార్థనకు పిలుస్తారు. ఈస్టర్‌కు ఇంటింటికీ వెళ్లి గుడ్లు, డబ్బులు వసూలు చేసుకుంటారు కూడా. మన పిల్లలకు చెప్పకు, రేపే మొదలుపెడతారు.

ఇంకోటి. పూజగ్రంథంలో గంటలు మోగకూడదని ఉంది గానీ, చెక్క కొట్టి తీరాలని లేదు. మీ విచారణ గురువు, అంటే మీ గుడి ఫాదర్ గారు, వద్దంటే వాదించకుండా పక్కన పెట్టు.

శనివారం రాత్రి ఈస్టర్ జాగరణ పూజలో గ్లోరియా అందుకునేలోపు గంట మెట్టు మీదికి వచ్చెయ్యాలి. నాలుకకు చుట్టిన గుడ్డ విప్పావో లేదో రెండుసార్లు చూసుకో. ఆ ఘనకార్యం కూడా ఒకసారి నేను చేశా.

మీ పెదనాన్న