జూబాకు బయలుదేరుతున్న అమ్మాయికి

చిరంజీవి సుమతికి,

పెదనాన్న ఆశీస్సులు. దక్షిణ సూడాన్‌లో శాంతి పనికి ఎంపికయ్యావని మీ నాన్న చెప్పాడు. ఆ దేశంలో కొన్నేళ్లు అదే పని చేశాను కనుక నాకు తెలిసినది రాస్తున్నాను.

దిగిన రోజే ఎవరో ఒకరు అక్కడి యుద్ధమంతా డింకా, నుయెర్ అనే రెండు పెద్ద తెగల మధ్య ఉన్న పాత వైరమని నీకు చెబుతారు. అంతటితో ఆగిపోకు. 2013 డిసెంబరులో రాజధాని జూబాలో జాతిని చూసి మనుషులను చంపిన మాట నిజమే. కానీ ఆ నిప్పు రాజుకున్నది పాలక పక్షంలోనే, అధ్యక్షుడు సల్వా కీర్‌కూ, అదే ఏడాది జులైలో ఆయన తొలగించిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌కూ మధ్య. దాని వెనుక ఖజానా సంగతి కూడా చూడాలి. అప్పట్లో ప్రభుత్వ రాబడిలో దాదాపు 98 శాతం చమురుదే. ఆ చమురు సముద్రం చేరాలంటే సూడాన్ మీదుగా పోర్ట్ సూడాన్ దాకా పైపులైన్‌లో పోవలసిందే. రవాణా రుసుముపై తగవు ముదిరి 2012 జనవరిలో ఉత్పత్తినే ఆపేశారు. మళ్లీ మొదలైంది 2013 ఏప్రిల్‌లో. 2006 నాటి జూబా ప్రకటన మొదలుకొని ప్రత్యర్థి దళాలను సైన్యంలో కలుపుకొని, జీతాలిచ్చి శాంతిని నిలబెట్టిన ప్రభుత్వానికి చేతిలో డబ్బు ఆడని కాలంలోనే నాయకుల పోటీ ముదిరిందన్నది నా అభిప్రాయం.

అందుకే ఎవరికి ఎవరంటే పగ అని అడిగే ముందు, ఎవరి పొట్ట దేనిమీద నిండుతోందో తెలుసుకో. జీతం నెలల తరబడి రాని సిపాయి దారిలో తాడు కట్టి లారీని ఆపుతాడు, నైలు నదిలో సరుకు పడవనూ ఆపుతాడు. అలా ఒక్కొక్క చెక్‌పోస్టు దాటేసరికి జొన్నల ధర పెరుగుతుంది, ఆ తాడు మీద బతికేవాడికి శాంతి వస్తే నష్టమే. పై స్థాయి ఒప్పందాల్లోనూ ఇదే చిక్కు ఉంది. కీర్, మచార్‌ల మధ్య కుదిరిన 2015 శాంతి ఒప్పందం 2016 జులైలో కూలింది. 2018 ఒప్పందం ఒక అధ్యక్షుణ్ణి, ఐదుగురు ఉపాధ్యక్షులను ఇచ్చింది. తుపాకీ పట్టినవారికే పదవి దక్కుతుందని తేలినప్పుడు మరో దళం చీలిపోవడంలో వింత ఏముంది?

నీ పని ఎక్కువగా పల్లెల్లో ఉంటుంది కనుక పశువుల సంగతి బాగా నేర్చుకో. అక్కడ వరుడు వధువు ఇంటికిచ్చే ఓలి పశువుల్లోనే ఇస్తారు, హత్యకు పరిహారమూ పశువుల్లోనే కడతారు. ఓలి పెరిగిపోతే పెళ్లి కావలసిన కుర్రాడు పక్క తెగ మందపై పడతాడు. ఒకసారి నేను ఇరుపక్షాల పెద్దలను పట్నంలో హోటలుకు పిలిపించి, బత్తెమిచ్చి, సంతకాలు పెట్టించాను. మందల విడిదిలో తుపాకులతో ఉన్న కుర్రాళ్లను ఒక్కరినీ పిలవలేదు. వానలు వెనకబట్టి మందలు నదీతీరపు పచ్చికకు దిగగానే దాడులు మళ్లీ మొదలయ్యాయి. ఆ చావులు ఇప్పటికీ నన్ను వదలలేదు, తల్లీ.

1999లో వున్‌లిట్ అనే ఊళ్లో డింకా, నుయెర్ పెద్దలు కలిసిన తీరు వేరు. చర్చిల మండలి చొరవతో ముందుగా ఒకరి ప్రాంతానికి ఒకరు వెళ్లి వచ్చారు, చివరకు తెల్ల ఎద్దును బలి ఇచ్చి ప్రమాణం చేశారు. మేత భూములు, చేపలు పట్టే చోట్లు, ఎత్తుకుపోయిన స్త్రీలు, పిల్లలు తిరిగి రావడం వంటి వాటి గురించి వారు ఒప్పందానికి వచ్చారు. నీ సమావేశాల్లోనూ ముందు ఇలాంటివే మాట్లాడించు. మందలు కదిలే ముందే సమావేశం ముగించు. ఎవరెన్ని పశువులు ఇవ్వాలో, ఎప్పటికి ఇవ్వాలో అందరి ఎదుట రాయించు. నీళ్ల పంపు దగ్గర స్త్రీలను విడిగా కలుసుకో, ఏ రాత్రి దాడి జరగనుందో వారికి ముందే తెలుస్తుంది.

2013 ఏప్రిల్‌లో జోంగ్లే రాష్ట్రంలో వాహనాలకు కాపలాగా వెళ్లిన, ఐక్యరాజ్యసమితి శాంతి దళంలోని మన భారత సైనికులు ఐదుగురు మాటుదాడిలో చనిపోయారు. కాబట్టి దారి భద్రమని స్థానికులు చెప్పనిదే కదలకు.

అక్కడి వాడుక భాష జూబా అరబిక్ నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టు. వెళ్లిన వారంలోనే ఒక లారీ డ్రైవరుతో కూర్చుని, అతను ఎక్కడెక్కడ ఆగాడో, ఎవరికి ఎంత ఇచ్చాడో అడిగి రాసుకో. ఆ కాగితం నాకూ పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న