గిడ్డంగి, అందులో పందికొక్కు

"రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లో దేని పుట్టుక తెలిసి మీరు ఆశ్చర్యపోయారు?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్న కనపడగానే జనం శాలరీలో ఉప్పు ఉందనీ, శాండ్‌విచ్ ఒక ఇంగ్లండు దొరగారి బిరుదనీ, రోబో 1920లో ఒక చెక్ నాటకంలో పుట్టిందనీ మొదలుపెడతారు. నిజమే, కాదనను. కానీ చదివి చదివి విసుగొచ్చింది. నా జవాబు బాండికూట్. అంటే మన పందికొక్కు.

ఇది రోజూ వాడే మాటేంటండీ అనకండి. సిడ్నీ ఉత్తరం వైపు పేటల్లో కాస్త పెరడున్న ఇల్లు అద్దెకి తీసుకోండి, వారం తిరక్కుండా వాడతారు. మేం అక్కడ ఉన్న రోజుల్లో మా అత్తయ్య దుగ్గిరాల దగ్గర ఊరినుంచి వచ్చి కొన్నాళ్లుంది. ఆవిడకి అక్కడ తోచుబాటు తక్కువ, పొద్దున్నే లేచి పెరడంతా ఒక చుట్టు తిరిగేది. ఒకరోజు గడ్డిలో గరాటు దింపినట్టు సూటిగా గుంటలు, పక్కనే కొంచెం కొంచెం మట్టి. మా ఆయన పాసమ్ (అక్కడి చెట్లెక్కే చిన్న జంతువు) అయ్యుంటుందిలే అని కాఫీ తాగుతూ తేల్చేశాడు. ఆవిడ వంగి ఆ గుంటలో వేలు పెట్టి చూసి, "ఏం కాదు, ఇది పందికొక్కు పని. పొలం గట్లు చూడని మొహాలు మీవి" అంది.

కంచె అవతల పక్కింటి పెద్దాయన మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. తెలుగు ముక్క రాదు ఆయనకి. ఆవిడ నోట్లోంచి పందికొక్కు అన్న మాట రాగానే తలెత్తి, "యెస్ యెస్, బాండికూట్" అన్నాడు. మా అత్తయ్య మొహం చూడాలి ఆ క్షణాన. "చూశావా అమ్మాయ్, ఈయనకి తెలుసు, నీ మొగుడికి తెలీదు." ఇద్దరూ తల ఊపుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆవిడ అసలు సంగతిలోకి దిగింది. నూకలు తెప్పించు, నూనె చుక్క కలిపి మందు పెడదాం, రెండు రాత్రుల్లో పీడ వదులుతుంది, ఆయన పెరట్లో కూడా పెడతానని చెప్పు. మా డెల్టా ఊళ్లలో ఏటా ఊరంతా కలిసి చేసే పనే అది. తొంభై ఆరు పాళ్లు నూకలు, రెండు పాళ్లు నూనె, రెండు పాళ్లు మందు అని వ్యవసాయశాఖ వాళ్లు చెప్పే లెక్క ఆవిడకి నోటికొచ్చు. నేను ఇంగ్లీషులో ఆ ముక్క చెప్పానో లేదో పెద్దాయన చేతిలో గొట్టం పక్కకి తిరిగిపోయి కాళ్ల మీద నీళ్లు. అది ఈ దేశపు సొంత జంతువు, చట్టం కింద రక్షణ ఉంది, ముట్టుకోకూడదు, పైగా గడ్డి వేళ్లు కొరికే పురుగుల్ని తిని మీకు మేలే చేస్తోంది అని గబగబా చెప్పాడు. అది విని ఆవిడ, "పందికొక్కుకి చట్టమా?" అంది. ఈ దేశం ఎలా బాగుపడిందో అర్థం కాలేదని ఆవిడ చాలా రోజులు అందరికీ ఫోన్ చేసి చెప్పింది.

తర్వాత ఒక రాత్రి వంటింటి కిటికీలోంచి ఆ జంతువు కనపడింది. సన్నని పొడుగాటి మూతి, నిక్కిన చెవులు, ముందు కాళ్లతో తవ్వడం, రెండు గెంతులు, మళ్లీ తవ్వడం. అత్తయ్య అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది. "ఇది పందికొక్కు కాదే. మూతి చుంచుది, గెంతు కుందేలుది. దీనికి ఆ పేరు పెట్టిన సన్నాసి ఎవడు?"

ఇంతకన్నా మంచి ప్రశ్న ఏ భాషాశాస్త్రం క్లాసులోనూ వినలేదు నేను.

జరిగింది ఇది. కోరమాండల్ తీరంలో వ్యాపారం చేసుకుంటున్న ఇంగ్లీషువాళ్లకి పెద్ద సమస్య సరుకుల కొట్లలో పడే ఎలుకలు. అవి మామూలు ఎలుకలు కావు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలోనే దేవగిరి కోట చెరసాలలో పిల్లుల కన్నా పెద్ద ఎలుకలున్నాయనీ, వాటిని చూసి పిల్లులే పారిపోతాయనీ రాశాడు. ఇక్కడి జనం పందికొక్కు అంటుంటే విని వాళ్లు బాండికూట్ చేసుకున్నారు. జంతుశాస్త్రం వాళ్లు కూడా ఆ మాటనే లాటిన్‌లోకి లాగి ఆ ఎలుక జాతికి బాండికోటా అని పేరు పెట్టారు. అక్కడినుంచి మాట ఓడెక్కింది. 1788లో సిడ్నీలో ఇంగ్లీషు వలస మొదలయ్యాక మొదటి ఏళ్లలో తిండికి కటకట, 1791లో అట్లాంటిక్ అనే ఓడని తిండి సరుకుల కోసం ఏకంగా కలకత్తాకే పంపారు. ఇండియాలో పనిచేసొచ్చిన వాళ్లూ, ఇండియా రేవుల్లో తిరిగొచ్చిన వాళ్లూ అక్కడ బోలెడుమంది. నేల తవ్వే, ఎలుకలాంటి ఏదో జంతువు కనపడింది, తెలిసిన పేరు తగిలించేశారు. 1799లో నౌకా వైద్యుడు జార్జ్ బాస్ రాతల్లో అప్పటికే బాండికూట్లు ఉన్నాయి. దానికి అక్కడి ఆదివాసులు ఎప్పటినుంచో పెట్టుకున్న పేర్లున్నాయి, పడమటి వైపు నూంగార్ వాళ్లు ఒక రకాన్ని క్వెండా అంటారు. అడిగే ఓపిక దొరలకి ఎక్కడుంది.

మా అత్తయ్య చెప్పింది అక్షరాలా నిజం, అది ఎలుకే కాదు. కంగారూలాగా సంచి ఉన్న జంతువు. ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. కడుపులో పిల్ల ఉండేది పన్నెండు రోజుల చిల్లర, మిగతా పెంపకమంతా సంచిలోనే.

నన్ను ఇంకా ముచ్చటపరిచింది మరొకటుంది. మనం గాదె కింద పందికొక్కు అంటాం కదా, పని చెయ్యకుండా కూర్చుని ఇంటి సొమ్ము తినేవాణ్ణి. ఎన్నికలొస్తే ఖజానా పందికొక్కుల్లా మేసేశారని ప్రతి పార్టీ అవతలి పార్టీని తిడుతుంది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ అన్నది క్రియగా కూడా వాడతారు. పొలంలో బంగాళాదుంప మొక్క పైకి చెక్కుచెదరకుండా ఉంచి కింద దుంపలు మాత్రం తవ్వుకుపోవడం. జంతువు మారింది, ఖండం మారింది, దొంగబుద్ధి మాత్రం మాటకి అంటుకునే వెళ్లింది. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ వీడియో గేమ్ ఆడుతూ పెరిగిన పిల్లలు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లు నొక్కుతూ కూర్చున్నది తెలుగు మాట పేరున్న హీరోనని చెబితే నవ్వుతారు. కేరళలో కుర్రాళ్లు మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగక్కర్లేకుండా శుభ్రం చేసే యంత్రం తయారుచేసి దానికీ బాండికూట్ అనే పెట్టారు. ఆ పేరుకి దక్కిన అన్ని పనుల్లోకీ గొప్పది అదే అంటాను.

ఇక్కడ నా అసలు బాధ చెప్పాలి. తమిళ స్నేహితులతో ఈ టాపిక్ ఎత్తితే మన పని అయిపోయినట్టే. కాటమరాన్ (తెప్ప) మాది, చెరూట్ (చుట్ట) మాది, మలిగటానీ (మిరియాల చారు) మాది అని వరస పెడతారు. మలయాళీలకి కాయిర్ (కొబ్బరి పీచు), టీక్ (టేకు), కోప్రా (ఎండు కొబ్బరి). ఆఖరికి మామిడిపండు మనం అంత ప్రేమగా తింటామా, మ్యాంగో అన్న మాట మాత్రం వాళ్ల మాంగాయ్, మాంగ వైపునుంచి పోర్చుగీసుల చేతుల్లో పడి వెళ్లింది. మనవాళ్లు కొందరు కూర నుంచే కర్రీ వచ్చిందని బల్ల గుద్దుతారు. కాదండీ, అది తమిళ కరి. వదిలేయండి. మనకి దక్కింది పందికొక్కు అని వాళ్లు నవ్వుతుంటే నేను ఎప్పుడూ తీసే రెండో అస్త్రం ఒకటుంది.

గోడౌన్.

బియ్యం మిల్లు వాళ్లనుంచి సిమెంటు కొట్టు వాళ్లదాకా రోజూ వంద సార్లు అనే మాట. సరుకు కింద పెడతారు కాబట్టి, లేదా మెట్లు దిగి కిందకి వెళ్లాలి కాబట్టి గో డౌన్ అని చెప్పే మేధావులు నాకు ప్రతి పెళ్లిలో ఒకరైనా తగులుతారు. అది మన గిడ్డంగి. మన ఒడ్డునుంచి మలయా ద్వీపాలకి పోయి అక్కడ గుదాంగ్ అయింది, పోర్చుగీసులు పట్టుకున్నారు, ఇంగ్లీషువాళ్లు తమ నోటికి తిప్పుకున్నారు. 1588లోనే బర్మా వైపు పెగూ దేశపు సరుకుల కొట్ల గురించి చెబుతూ ఆ మాట ఇంగ్లీషులో అచ్చయింది. నిఘంటువులు తెలుగు గిడ్డంగినీ తమిళ కిడంగునీ పక్కపక్కనే చూపించి ఊరుకుంటాయి, మా తమిళ స్నేహితుడు రెండోది పట్టుకుని ఊగుతాడు. నేను ఒప్పుకోను. 1244లోనే మోటుపల్లి రేవులో గణపతిదేవుడు సముద్ర వర్తకులకి అభయ శాసనం వేయించాడు, ఓడ మునిగితే ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకు రాజు లాక్కోడని. అంత సరుకు దిగే చోట గిడ్డంగులు ఉండవా, గిడ్డంగి మాట ఓడ ఎక్కదా? తర్వాత మచిలీపట్నం సంగతి చెప్పనే అక్కర్లేదు, 1611లో ఇంగ్లీషు కంపెనీ గ్లోబ్ అనే ఓడ అక్కడికొచ్చి కొట్టు తెరిచి, అటునుంచి మలయా వైపే వెళ్లింది. ఇది సాక్ష్యం కాదని మా స్నేహితుడి వాదన. నాకు చాలు.

చూడండి, ఇంగ్లీషు మన దగ్గర తీసుకున్నది గిడ్డంగి, అందులో చేరే పందికొక్కు. పద్యం తీసుకోలేదు, అవధానం తీసుకోలేదు. ఎందుకంటే మాటల్ని మోసుకెళ్లింది పండితులు కాదు. సరుకు లెక్క రాసే గుమాస్తా, దుబాసీ, కళాసీ, వంటవాడు. వాళ్లకి ఏది పనికొచ్చిందో, ఏది పీడించిందో దాని మాటే వెళ్లింది. ఇలాంటి మాటలన్నీ పోగేసి యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో హాబ్సన్-జాబ్సన్ అని పెద్ద నిఘంటువు వేశారు, ఆ పేరు కూడా మొహర్రం ఊరేగింపులో యా హసన్ యా హుసేన్ అని గుండెలు బాదుకోవడాన్ని ఇంగ్లీషు సిపాయిలు విని మార్చుకున్నదే. బాండికూట్ అందులో ఉంది, గోడౌన్ ఉంది. ఒకసారి తెరిస్తే ఆ రాత్రి నిద్రపోరు.

దీనికి పూర్తి విరుద్ధం మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులు. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అట. కాదు మహాప్రభో, కొత్త అనే న్యూకి బహువచనం అంతే. పొడి అక్షరాలు కలిపి మాట చేసే అలవాటు బాగా ముదిరింది ఇరవయ్యో శతాబ్దంలో, అంతకు ముందు నుంచీ ఉన్న ఏ మాటకైనా ఇలా అక్షరానికో అర్థం చెబితే నమ్మకండి. ఓకే ఒక్కటే దీనికి మినహాయింపు అనుకోవచ్చు, 1839లో బోస్టన్ పత్రికలో ఆల్ కరెక్ట్‌ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి పొడి చేసిన జోకు అది. ఇంకో రకం వాళ్లు మదర్ మాతృ నుంచి వచ్చింది, బ్రదర్ భ్రాతృ నుంచి వచ్చింది అని పంపుతారు. అవి ఒకే పూర్వభాషకి పుట్టిన అక్కచెల్లెళ్లు, ఒకదానికొకటి తల్లి కాదు. ఇది చెబితే దేశద్రోహిని అయిపోయాను. మీకు నిజంగా వింత కావాలంటే జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లకి చెప్పండి, మజిల్ అంటే లాటిన్‌లో చిట్టెలుక అని. చెయ్యి మడిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టుంటుందని అలా పిలిచారు. ఎలా తిరిగినా ఎలకల దగ్గరికే వస్తున్నాను, క్షమించండి.

ఎలుకలు లేని మాట ఒకటి చెప్పి ఆపేస్తాను. మడపొల్లాం అని ఒక నూలు బట్ట పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది, ఫ్రెంచివాళ్లూ వాడతారు. మెత్తటి, దగ్గర నేత బట్ట. అది నర్సాపురం పక్కన మాధవాయపాలెం. ఇంగ్లీషు కంపెనీకి అక్కడ బట్టల ఫ్యాక్టరీ, అంటే ఆ రోజుల్లో వ్యాపారపు కొట్టు, ఉండేది, ఊరి పేరే బట్టకి పడింది, తర్వాత ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు నేసిన బట్ట కూడా అదే పేరుతో అమ్ముడుపోయింది. ఆ ఊరి పేరు ఊళ్లోవాళ్లకన్నా ప్యారిస్ బట్టల కొట్లలో ఎక్కువమందికి తెలిసి ఉంటుందని నా గట్టి నమ్మకం. నర్సాపురం వైపు వాళ్లెవరైనా ఉంటే, మీ ఇళ్లలో పాతవాళ్లు ఏ బట్టనైనా ఆ పేరుతో పిలవడం విన్నారేమో కింద రాయండి. తమిళ స్నేహితుడికి చూపించాలి.