ఐరిష్, ఫ్రెంచ్ పదాల్లో పలకని అక్షరాలు రాయడం ఎందుకు?

“ఐరిష్, వెల్ష్, ఫ్రెంచ్ పదాల్లో సగం అక్షరాలు పలకరు కదా, మరి రాయడం దేనికి, ఎలా నేర్చుకోవాలి” అని అడిగారు. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తూ ఈ మాట మనవాళ్ల నోట విని విసిగిపోయాను. రోమన్ అక్షరాలన్నీ ఇంగ్లిష్ సొత్తనుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

మా బావగారు వేసవిలో వచ్చారు. సముద్రతీరంలోని డన్ లీరీ చూస్తానంటే కానలీ స్టేషన్‌లో రైలెక్కించాను. పేరు ఎలా పలుకుతారో చెప్పబోతే, “నాకు చదవడం రాదా ఏమయ్యా?” అన్నారు. ఫోనులో ఆ ఊరి పేరులో రెండో మాట ఎల్, ఏ, ఓ, జి, హెచ్ అంటూ సాగుతుంది. ఆయన ‘లావోఘైర్’ కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. రైల్లో డన్ లీరీ అని చెప్పారు, ఆపారు, జనం దిగారు. ఈయన బ్రే దాకా వెళ్లి ఫోను చేశారు: “మీ రైలు ఆ ఊళ్లో ఆగనే లేదు!” రాత్రి భోజనాల దగ్గర కూడా ఐర్లండ్ వాళ్లకు రాయడం రాదనే వాదించారు.

నిజానికి ఇంగ్లిష్‌లో ఆ పేరును ఒకప్పుడు వినిపించినట్టే డన్‌లీరీ అని రాసేవారు. 1821లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి వచ్చి వెళ్లాక కింగ్స్‌టౌన్ అయింది. 1920లో దాన్ని తీసేసి, పాత పేరును ఐరిష్ స్పెల్లింగుతో పెట్టుకున్నారు. అంటే ఆ అక్షరాలు వాళ్లు కోరి తెచ్చుకున్నవి.

షివాన్ (ఎస్, ఐ, ఓ, బి, హెచ్, ఏ, ఎన్) అనే ఆడపిల్లల పేరు చూడండి. ఎస్ పక్కన ఐ ఉంది కాబట్టి ష. మనం చీమలో, చాపలో ఒకే చ రాసి రెండు రకాలుగా పలకడం లేదా? ఇక బి తర్వాతి హెచ్‌కు సొంత శబ్దం లేదు. పాత ఐరిష్ లిపిలో బి మీద చుక్క పెడితే వ. రోమన్ అక్షరాలకు మారినప్పుడు ఆ చుక్క పోయి హెచ్ వచ్చింది. నీవ్ అనే పేరులో ఎమ్ తర్వాత వచ్చేదీ అదే. గీతలోని త కోసం టి పక్కన హెచ్ తగిలించే మనం వాళ్లను వెక్కిరించడం నాకు నచ్చదు.

వేల్స్ వాళ్ల భాష వెల్ష్ వీటన్నిటికంటే సులువు. ఒక ఎఫ్ ఉంటే వ, రెండుంటే ఫ. ముందు దానితో మొదలుపెట్టండి.

ఫ్రెంచ్ చదవడం వరకు పరవాలేదు. ఇ, ఏ, యు కలిస్తే ఓ అని గుర్తుపెట్టుకుంటే చాలా పదాలు లొంగుతాయి. రాయడం దగ్గరే పండితులు కొంప ముంచారు. బరువును వాళ్లు ‘ప్వా’ అంటారు. లాటిన్ ‘పోందుస్’ నుంచి వచ్చిందనుకుని అందులో డి ఇరికించారు. అసలు మూలం ‘పెన్సుమ్’, అందులో డి లేనే లేదు. పొరపాటు తేలినా డి మాత్రం కదల్లేదు.

మనం బరువు దించుకోవాలని అరసున్నను వదిలేశాం. ఫ్రెంచ్ ముక్కు అచ్చులకు సరిగ్గా అదే కావాలి. ‘మంచి’ అనే వాళ్ల మాటను మనవాళ్లు ‘బాన్’ అని నాలుక పళ్లకు ఆనించి పలుకుతారు. బోఁ అని రాసుకోండి, నాలుక ఎక్కడా ఆనించకుండా గాలిని ముక్కులోంచి కూడా వదలండి. నా నోటు పుస్తకం నిండా అరసున్నలే.