సన్‌రూఫ్ రబ్బరు పగుళ్ళకు కొబ్బరి నూనె పూయొచ్చా?

కరీంనగర్ నుంచి అడిగిన అన్నా, మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: బండి కొని మూడేళ్ళు దాటింది, సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ మీద వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చాయి, కొబ్బరి నూనె పూయమని ఒకరన్నారు, గాజుతో సహా మొత్తం మార్చాలని సర్వీస్ సెంటర్ వాళ్ళన్నారు, పైగా మొన్నటి వానకు డ్రైవర్ వైపు కార్పెట్ తడిసింది. ముందే చెప్తున్నా, పగుళ్ళ సంగతి వేరు, కార్పెట్ సంగతి వేరు. రెండూ ఒకటే అనుకుంటే డబ్బులు పోతాయి, నీళ్ళు మాత్రం అట్లనే కారుతుంటాయి.

గాజు చుట్టూ ఉండే బీడింగ్ నీళ్ళను పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదు. గాలి చప్పుడు, దుమ్ము, వాన నీళ్ళలో చాలా భాగం అది ఆపుతుంది, మిగతావి కొన్ని లోపలికి దిగుతాయని బండి తయారుచేసే వాళ్ళకు ముందే తెలుసు. అందుకే గాజు కింద చుట్టూ ఒక ట్రే ఉంటుంది, దాని మూలల్లో రంధ్రాలు ఉంటాయి, అక్కడి నుంచి పిల్లర్ల (పైకప్పును మోసే నిలువు స్తంభాల) లోపలగా సన్నటి గొట్టాలు కిందికి దిగుతాయి. మామూలుగా నాలుగు మూలలకు నాలుగు. ముందువి ముందు డోరు కబ్జాల దగ్గరో టైరు వెనకో బయటికి వస్తాయి, వెనకవి బంపర్ వైపు, బండిని బట్టి చోటు మారుతుంది. వీటిలో ఒక్కటి పూడుకుపోయినా ట్రే నిండి పొర్లుతుంది, ఆ నీళ్ళు పైన లైనింగ్ మీదుగానో పిల్లర్ వెంబడో కార్పెట్ మీదికి చేరతాయి. కొత్త బీడింగ్ వేయించినా చేరతాయి.

నాది హనుమకొండ. ఇంటికి షెడ్డు లేదు, బండి వీధిలో వేపచెట్టు కింద ఉంటుంది. నాకు ముందు నీళ్ళు కనబడలేదు, వాసన వచ్చింది, ఏసీ వేయగానే తడి గోనెసంచి వాసన. ఏసీ ఫిల్టర్ మార్చారు, లోపల ఏదో స్ప్రే కొట్టారు, వారం తిరక్కుండా మళ్ళీ అదే వాసన. చివరికి కాజీపేటలో ఒక పాత మెకానిక్ దగ్గరికి పోతే ఆయన వాసన సంగతి అడగనే లేదు, సన్‌రూఫ్ తెరిపించి, టీ గ్లాసులో నీళ్ళు తెప్పించి ట్రే ముందు కుడి మూలలో మెల్లగా పోశాడు, పోసిన కాసేపటికే డోరు కింద నేల మీద చుక్కలు పడ్డాయి. ఎడమ మూలలో పోస్తే నీళ్ళు కదల్లేదు, ఫోన్ టార్చ్ వెలుగులో అక్కడే నిలబడి మెరుస్తున్నాయి. గడ్డి కోసే మిషన్‌కు వాడే నైలాన్ తీగ ఉంటుంది కదా, దాని కొసను లైటర్‌తో గుండ్రంగా చేసి (కొస పదునుగా ఉంటే గొట్టం చిరుగుతుందట) నిదానంగా లోపలికి తోశాడు. తీగ బయటికి లాగుతుంటే ముందు ఎర్రటి బురద, తర్వాత నలిగిన ఆకులు, ఆఖరికి ఎండిన వేపపువ్వు ఉండకట్టి వచ్చింది. ఉగాది రోజుల్లో రాలే ఆ పువ్వు ఆకుకంటే మొండిది, సన్నగా ఉండి బీడింగ్ పక్క సందులోంచి దూరిపోతుంది. ఆ తర్వాత పోసిన నీళ్ళు సర్రున దిగాయి. అంతే, వాసనకూ బీడింగ్‌కూ ఏ సంబంధమూ లేదు.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది ఆ గ్లాసు నీళ్ళ పరీక్ష. కార్ వాష్ వాళ్ళు కంప్రెసర్ గాలి కొడతామంటారు, వద్దనండి, ఎక్కువ ప్రెషర్‌కు గొట్టం లోపల జాయింట్ దగ్గర ఊడిపోతే మొత్తం పైకప్పు లైనింగ్ దింపాల్సి వస్తుంది. పిల్లర్ ప్లాస్టిక్ కవర్లను కూడా ఎవరుపడితే వాళ్ళను పీకనివ్వకండి, చాలా బండ్లలో పక్క నుంచి గుద్దుకుంటే తలను కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడే ఉంటుంది.

ఇప్పుడు పగుళ్ళు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అన్నారు, ఇక రబ్బరెంత. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు మామూలే, రామగుండం వైపు అయితే చెప్పనక్కర్లేదు, ఆ ఎండలో రోజంతా నిలబెట్టిన బండి రూఫ్ మీద చేయి పెట్టలేం. సన్‌రూఫ్ బీడింగులు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. నిజానికి అది ఎండకు, గాలిలో ఉండే ఓజోన్‌కు బాగానే తట్టుకునే రకం. కానీ ఏళ్ళ తరబడి వేడికి రబ్బరులో ఉన్న మెత్తదనం తగ్గిపోతుంది, గాజు కింద ఎప్పుడూ నొక్కుకునే ఉండడంతో అణిగిపోతుంది, దుమ్ము చేరి గాజు కదిలిన ప్రతిసారీ గీకుతుంది. మీ కరీంనగర్‌లో గ్రానైట్ దుమ్ము, భూపాలపల్లి, గోదావరిఖని వాళ్ళకు బొగ్గు దుమ్ము, మేడారం జాతరకు పోయి వచ్చిన బండ్లకైతే ట్రే నిండా ఎర్రమట్టి.

ఈపీడీఎంకు అసలు పడనివి పెట్రోలియం నూనెలు. పెట్రోలు, డీజిలు, కిరోసిన్, మామూలు గ్రీజు, వ్యాసెలిన్, తుప్పు వదిలించడానికి కొట్టే మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే, ఇవన్నీ పూసిన రోజు నల్లగా నిగనిగలాడుతుంది, పోనుపోను రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఆకారం చెడుతుంది. కొబ్బరి నూనె పెట్రోలియం కాదు కానీ అది కూడా వద్దనే అంటాను, ఎండకు జిగురుగా మారి దుమ్మునంతా పట్టుకుంటుంది. మా బామ్మర్ది బండికి పూశారు, వేలితో రాస్తే నల్లటి పేస్టు వచ్చింది.

పూయాల్సింది సిలికాన్ గ్రీజు, లేదా పెట్రోలియం లేదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న రబ్బర్ కేర్ ద్రవం. షాపులో సిలికాన్ అని మాత్రం అడక్కండి, అద్దాలు, సింకులు అతికించే సిలికాన్ సీలెంట్ ట్యూబు చేతిలో పెడతారు. పుల్లటి ఘాటు వాసన వస్తే అది సీలెంటే, పూశారంటే గాజు అతుక్కుపోయి, స్విచ్ నొక్కినప్పుడు మోటరు మీద భారం పడుతుంది. ఫెవిక్విక్‌తో పగుళ్ళు అతికించే వాళ్ళను కూడా చూశాను. అది గట్టిపడ్డాక పక్కనే కొత్త పగులు వస్తుంది.

పూసే పద్ధతి పెద్ద విద్యేం కాదు, కానీ కడగకుండా పూస్తే దండగ. పొద్దున రూఫ్ చల్లగా ఉన్నప్పుడు గాజు తెరిచి, కొంచెం కార్ షాంపూ కలిపిన నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి పిండి, బీడింగ్ మడతల్లోకి వేలు పెట్టి తుడవండి. గుడ్డకు నలుపు రావడం తగ్గేదాకా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత సిలికాన్‌ను గుడ్డ మీద వేసుకుని పలుచగా రాయండి, స్ప్రే అయినా నేరుగా కొట్టకండి, పెయింటు మీద పడితే రేపు డెంటింగ్ పెయింటింగ్ చేయించినప్పుడు అక్కడ రంగు సరిగా పట్టదు, ముందు అద్దం మీద పడితే వైపరు తిరిగినప్పుడల్లా జిడ్డు. ఓ అరగంట తర్వాత పొడిగుడ్డతో మిగిలింది తుడిచేయండి. వేలికి అంటకూడదు, అంటుతోందంటే ఎక్కువైనట్టే. కొన్ని బీడింగుల మీద మఖమల్ లాంటి సన్నటి నూగు ఉంటుంది, అది ఉన్నచోట గ్రీజు వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గాజు జరిగే పట్టాలకు వేసే గ్రీజు వేరే, ఏది వేయాలో బండి మాన్యువల్ చూడండి. నేను ఈ పని ఎండలు ముదరకముందు ఒకసారి, మృగశిర కార్తె లోపు ఒకసారి, దసరాకు బండి కడిగేటప్పుడు ఒకసారి చేస్తాను. దుమ్ము ఎక్కువుండే చోట ఇంకోసారి.

కార్ వాష్‌లో ప్రెషర్ గన్‌ను బీడింగ్‌కు దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి. టైర్ పాలిష్ మిగిలిన గుడ్డతోనే పైన రబ్బర్లు కూడా మెరిపించే అలవాటు కొందరు పిల్లలకు ఉంటుంది, పక్కనే నిలబడితే తప్ప ఆగదు. ఎండకు నిజమైన మందు మాత్రం నీడ ఒక్కటే. చెట్టు నీడ దొరికితే సంతోషమే, గొట్టాలు తరచు చూసుకుంటే చాలు. కవర్ వేస్తే గాలి ఆడే గుడ్డ కవర్ వేయండి.

పెళ్ళి బరాత్‌లలో పిల్లల్ని సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టడం గురించి వేరే చెప్పాలా? ప్రాణాపాయం సంగతి అటుంచితే, వాళ్ళు మోచేతులు ఆనించేదీ, కొందరు ఏకంగా కూర్చునేదీ ఆ అంచు మీదే. ఇక కోతులు. మా వీధిలో ఒక బండి బీడింగ్ కొస లేచి ఉంటే పట్టుకుని బారెడు పీకేశాయి. దానికి నా దగ్గర మందు లేదు, కొస లేవకుండా చూసుకోవడమే.

మార్చాలా వద్దా అంటే, గాజు మూసేటప్పుడు కాగితం ముక్కను బీడింగ్ మధ్యలో పెట్టి మూసి లాగండి. చుట్టూ అన్ని చోట్లా గట్టిగా పట్టుకుంటే, పగుళ్ళు పైపైనే ఉంటే, శుభ్రం చేసి సిలికాన్ రాసి నడిపించుకోవచ్చు. పడిన పగులు పోదు, పెరగడం మాత్రం నెమ్మదిస్తుంది. కాగితం సులువుగా జారితే, రబ్బరు చిరిగి గోరు దూరేంత సందు ఉంటే, వేగం వంద దాటగానే ఈల వేసినట్టు చప్పుడొస్తుంటే, మార్చాల్సిందే. కొన్ని బండ్లలో బీడింగ్ గాజుతో కలిపి పోతపోసి వస్తుంది, అప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పింది నిజమే, గాజుతో పాటే మార్చాలి. కొన్నిటికి విడిగా దొరుకుతుంది. పార్ట్ నంబరు అడిగి, విడిగా ఉందో లేదో కంప్యూటర్‌లో మీ ముందే చూపించమనండి. బయట మీటరు లెక్కన అమ్మే బీడింగ్ జోలికి పోవద్దు, మందం తేడా వస్తే గాజు రూఫ్ లెవెల్‌కు కూర్చోదు.

సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద “సన్‌రూఫ్ డ్రైన్ గొట్టాలు నాలుగూ నీళ్ళు పోసి చూడాలి” అని రాయించి, బండి తీసుకునేటప్పుడు మీ ఎదురుగా మళ్ళీ పోయించండి. తడిసిన కార్పెట్‌ను పైపైన ఆరబెట్టి వదిలేయకండి, లేపించి కింద ఉండే ఫోమ్ కూడా ఆరనివ్వండి, చాలా బండ్లలో వైర్లు దాని కిందుగానే పోతాయి.